అటక మీది స్పెక్ట్రమ్‌లో ఒక అల్టిమేట్ గది

డిసెంబరు 27, సోలాపూర్

ఇత్తడి గంగాళాల వెనక, పాత చద్దరులో చుట్టి ఉంది. బావ రెండు నెలలుగా ఫోన్లో చెప్తూనే ఉన్నాడు: "ఇంటికి సున్నం ఏపిస్తున్నం, అటక ఖాళీ చేస్తున్న, నీ డబ్బా నువ్వు తీస్కపో" అని. నిజానికి ఆ డబ్బా ఆయనదే. పుణెలో ఇంజనీరింగు చదివేటప్పుడు మామ చిట్టీ ఎత్తి కొనిచ్చాడు. కానీ 1989 వేసవి సెలవుల్లో దాని ముందు నుంచి లేవకుండా కూర్చున్నది నేను. అందుకే ఇంట్లో అందరికీ అది నా డబ్బా.

డీబీ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరు. సింక్లెయిర్ వాళ్ల స్పెక్ట్రమ్ ప్లస్‌ను పుణెలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని 1988 నుంచి మన దేశంలో అమ్మింది. మీటల మీద అక్షరాలు ఇంకా పోలేదు. చద్దరు మడతల్లో ఎనిమిది క్యాసెట్లు కూడా ఉన్నాయి. ఒకదాని మీద బావ చేతిరాత: "నైట్ లోర్, కౌంటర్ 114."

నైట్ లోర్ అన్న ఆట ఉన్న ఆ ఒక్క క్యాసెట్ కోసమే ఈ పని మొదలుపెడుతున్నాను.

డిసెంబరు 30, హైదరాబాద్

ఏం చేయాలనుకుంటున్నానో ముందే రాసుకుంటే దారి తప్పను. మొదట మిషను బతకాలి. తర్వాత దాని మీద నైట్ లోర్ తరహాలో ఒకే ఒక గది, నా చేతులతో, జెడ్80 అసెంబ్లీలో (దాని ప్రాసెసరు సొంత భాషలో) రాయాలి. కోట గది వద్దు. మా మామ ఇంటి మగ్గం గది కావాలి.

నైట్ లోర్ చేసిన కంపెనీ పేరు అల్టిమేట్ ప్లే ద గేమ్. ఇంగ్లండులో లెస్టర్‌షైర్ జిల్లాలోని ఆష్‌బీ డి లా జూష్ అనే చిన్న ఊరు వాళ్లది. స్టాంపర్ అన్నదమ్ములు క్రిస్, టిమ్ 1982లో మొదలుపెట్టారు. క్రిస్ ప్రోగ్రాము రాసేవాడు, టిమ్ బొమ్మలు వేసేవాడు. అంతకుముందు ఆర్కేడ్ మిషన్లకు ఆటలు చేసిన అనుభవం ఉంది. 1983లో జెట్‌ప్యాక్‌తో వచ్చారు. 16కే మెమరీ ఉన్న చవక స్పెక్ట్రమ్‌లో పట్టే ఆట అది, 3 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ ఏడే ప్స్ట్, ట్రాన్జ్ యామ్, కుకీ, లూనార్ జెట్‌మన్, అటిక్ అటాక్ వరసగా వచ్చాయి. 1984లో సేబర్ వుల్ఫ్, అండర్‌వర్ల్డ్, నైట్ లోర్. మూడేళ్లలో తమ పని ముగించి, పేరును, ఆటలను యూఎస్ గోల్డ్‌కు అప్పగించి, వాళ్లు రేర్ అన్న కంపెనీతో నింటెండో వైపు వెళ్లిపోయారు.

వాళ్లు పత్రికలతో మాట్లాడేవాళ్లు కాదు. ఫొటోలు లేవు, ఇంటర్వ్యూలు దాదాపు లేవు. ఆట తెర మీద మనిషి పేరు ఉండదు, "ఏ.సీ.జీ." అన్న మూడు అక్షరాలే. ఆష్‌బీ కంప్యూటర్స్ అండ్ గ్రాఫిక్స్ అని దాని అర్థమని నాకు పాతికేళ్లు దాటాక తెలిసింది. పదకొండేళ్లప్పుడు అది ఒక మనిషి పేరనుకునేవాణ్ని. వాళ్లు మనకు వదిలిన మాటలు కొన్నే, వదిలిన పని మాత్రం చాలా ఉంది. అందుకే వాళ్లను తెలుసుకోవాలంటే ఆ పనిని మళ్లీ చేసి చూడడమే నాకు కనబడిన దారి.

జనవరి 4

విప్పాను. కరెంటు మాత్రం పెట్టలేదు. ముప్పై ఏళ్లు నిద్రపోయిన బోర్డుకు ఒక్కసారిగా కరెంటిస్తే మెమరీ చిప్పులు పోవచ్చు.

సింక్లెయిర్ బోర్డు సర్క్యూట్ పటం పక్కన పెట్టుకుని ఒక్కో భాగం సరిచూశాను, నా బోర్డుకు అది సరిపోయింది. కింది 16కే మెమరీ ఎనిమిది 4116 చిప్పుల్లో ఉంటుంది. ఈ 4116కు మూడు వోల్టేజీలు కావాలి: ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5. మైనస్ 5 అందకుండా ప్లస్ 12 వెళ్తే చిప్పు కాలిపోతుంది. అడాప్టరు ఇచ్చేది 9 వోల్టులే కాబట్టి, ఆ 12నీ మైనస్ 5నీ బోర్డు మీద ఒక చిన్న కాయిలూ టీఆర్4 అనే ట్రాన్సిస్టరూ కలిసి తయారుచేసుకుంటాయి. స్పెక్ట్రమ్ జబ్బుల్లో సగం ఆ మూలనుంచే వస్తాయి.

నా టీఆర్4 షార్ట్ అయి ఉంది. కెపాసిటర్లు రెండు కారాయి. కీబోర్డు నుంచి బోర్డుకు వచ్చే రెండు రిబ్బన్లు మునివేళ్లు తగలగానే అప్పడంలా విరిగాయి.

జనవరి 11

పొద్దున కోఠీ, గుజరాతీ గల్లీ. కెపాసిటర్లు అన్నీ దొరికాయి. టీఆర్4కు కావలసిన జెడ్‌టీఎక్స్650 లేదు, 651 ఉంది, అదీ సరిపోతుంది. 4116 అడిగితే నాలుగు దుకాణాలు తల అడ్డంగా ఊపాయి. ఐదో దుకాణంలో ఒక పెద్దాయన లోపలికెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఏవో పాత బోర్డుల నుంచి పీకిన చిప్పులు. కాళ్లు తుడుచుకుంటూ ఏరుకుంటే ఆరు దొరికాయి. "ఇవి ఎవరన్నా అడిగి ఇరవై ఏండ్లయింది" అన్నాడు. దేనికో చెప్పాక కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. మధ్యాహ్నం వరకూ అక్కడే.

రాత్రి ట్రాన్సిస్టరు, కెపాసిటర్లు మార్చాను. వోల్టేజీని 5కు దించే 7805 రెగ్యులేటరు నిప్పులా కాలుతుంది కాబట్టి దాని చోట అదే కాళ్ల వరసతో వచ్చే స్విచింగ్ రెగ్యులేటరు పెట్టాను. అడాప్టరు విషయంలో ఒక జాగ్రత్త: స్పెక్ట్రమ్ పిన్నులో మధ్యది మైనస్. ఇప్పటి అడాప్టర్లు దాదాపు అన్నీ దానికి తలకిందులు. ఈ ఒక్క మాట తెలియక బోర్డులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

4116 మొదటి కాలు మీద మైనస్ 5, ఎనిమిదో కాలు మీద 12, తొమ్మిదో కాలు మీద 5. మీటరు మూడూ సరిగ్గా చూపించింది.

జనవరి 15, సంక్రాంతి

బోర్డు మీద టీవీ యాంటెన్నా సిగ్నల్ తయారుచేసే చిన్న పెట్టెను (మాడ్యులేటరు) తప్పించి, కాంపోజిట్ సిగ్నల్‌ను ఒక కెపాసిటరు గుండా నేరుగా సాకెట్‌కు ఇచ్చాను. తెర మీద నిలువు చారలు వచ్చి ఆగిపోయాయి. వేలు పెట్టి చూస్తే 4116 వరసలో మూడోది మిగతావాటికంటే వేడి. దాన్ని పీకి, సాకెట్ వేసి, బిస్కెట్ డబ్బా చిప్పు పెట్టాను. తెర నల్లబడింది, తెల్లబడింది, కింద ఒక వరస కాపీరైట్ అక్షరాలు వచ్చి నిలబడ్డాయి.

ఇంట్లో వాళ్లు అరిసెలు తింటూ వచ్చి చూశారు. నాకు కాసేపు మాట రాలేదు.

రిబ్బన్లకు విరిగిన చివర్లు కత్తెరతో సాఫుగా కోసి మళ్లీ దూర్చాను. ప్రస్తుతానికి మీటలు పనిచేస్తున్నాయి. మీటల కింద ఉండే కొత్త పొరకు, అంటే మెంబ్రేన్‌కు, ఆర్డరిచ్చాను.

జనవరి 18

క్యాసెట్లు. ఎనిమిదింటిలో రెండింటికి బూజు పట్టింది, వాటిని డెక్‌లో పెట్టలేదు. మూడింట్లో మోత తప్ప ఏమీ లేదు. మిగిలిన మూడింటిలో ఒకటి నైట్ లోర్.

స్పెక్ట్రమ్ క్యాసెట్ అంటే శబ్దమే. సున్నాకు చిన్న అల, ఒకటికి దానికి రెట్టింపు పొడవున్న అల. సెకనుకు ఇంచుమించు 1500 బిట్లు. కాపీ మీద కాపీ చేసిన టేపులో ఆ చిన్న అలలు అరిగిపోయి ఉంటాయి. అందుకే డెక్ హెడ్ పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, చెవికి శబ్దం ఎక్కడ అన్నిటికంటే పదునుగా వినబడితే అక్కడ ఆపాలి. అప్పట్లో బావ దీన్ని కళ్లజోడు స్క్రూడ్రైవరుతో చేసేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పదకొండో సారికి తెర చుట్టూ ఉండే బార్డరు మీద ఎరుపు, ఆకాశనీలం చారలు వెడల్పుగా పాకి, తర్వాత నీలం, పసుపు చారలు సన్నగా పరుగెత్తాయి. చివరికి "లోడింగ్ ఎర్రర్." పంతొమ్మిదో సారికి మెనూ వచ్చింది. కీబోర్డు, జాయ్‌స్టిక్, డైరెక్షనల్ కంట్రోల్, సున్నా నొక్కితే ఆట.

సున్నా నొక్కాను.

ఇక్కడ ఒక సంగతి. 1989లో మామ ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. నైట్ లోర్ గదులకు రంగుందని అప్పుడు నాకు తెలియదు. రంగున్నా, ఒక గదికి ఒకే రంగు. దీనికి కారణం స్పెక్ట్రమ్ తెరే: 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు ఉన్నా, 8 బై 8 చుక్కల గడికి రెండే రంగులు. వేరే రంగు బొమ్మ ఆ గడిలోకి అడుగుపెడితే గడి మొత్తం రంగు మారిపోతుంది. మిగతా కంపెనీలు దీనితో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాయి. అల్టిమేట్ వాళ్లు రంగునే వదులుకుని లోతును తెచ్చుకున్నారు. నా ఉద్దేశంలో ఆ కాలపు ఆటల్లో ఇంతకంటే ధైర్యమైన నిర్ణయం లేదు.

బల్ల వెనక్కి మనిషి వెళ్తే బల్ల అడ్డం వస్తుంది. బల్ల ఎక్కి నిలబడొచ్చు. చేతిలో వస్తువును కింద పెట్టి, దాని మీదకెక్కి, ఇంకా పైకి ఎగరొచ్చు. రాత్రయితే హీరో సేబర్‌మన్ వంకర్లు తిరిగిపోయి తోడేలవుతాడు. శాపం పోగొట్టుకోవడానికి 40 రోజులే గడువు. మామ ఇంట్లో ఆ టీవీ ముందు, పక్క గదిలో పవర్‌లూమ్ మోతలో, బల్ల వెనక సగం దాగిన ఆ చిన్న మనిషిని చూసి తెర లోపల చోటు ఉందని నమ్మాను. ఆ నమ్మకం కలిగించింది ఎలా అన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి.

జనవరి 26

ప్రోగ్రాము మొదలు. పీసీ మీద పాస్మో అసెంబ్లర్, పరీక్షకు, పీసీలోనే స్పెక్ట్రమ్‌ను అనుకరించే ఫ్యూజ్ ఎమ్యులేటర్. సరిగ్గా నడిచిందనిపించాక దాన్ని శబ్దంగా మార్చి, ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కు పంపిస్తున్నాను. వాల్యూమ్ నిండుగా ఉండాలి.

తెర మెమరీ 16384 దగ్గర మొదలవుతుంది. చుక్కలకు 6144 బైట్లు, రంగులకు 768. చుక్కల వరసలు మెమరీలో పైనుంచి కిందికి వరసగా ఉండవు. సున్నా వరస తర్వాత ఎనిమిదోది, తర్వాత పదహారోది. చాప అల్లినట్టు ఏడు వదిలి ఒకటి. కానీ ఒక గడిలో ఒక వరస కిందికి దిగాలంటే ప్రాసెసరులోని హెచ్ రిజిస్టరుకు ఒకటి కలిపితే చాలు, ఒక్క ఇన్‌స్ట్రక్షన్. అక్షరాలు వేయడానికి అది వరం. ఎక్కడపడితే అక్కడ బొమ్మ వేయాలంటే మాత్రం ఎనిమిది వరసలకోసారి లెక్క సరిచేసుకోవాలి.

అందుకని నేరుగా తెర మీద గీయడం మానేసి, పై మెమరీలో వరసలు సవ్యంగా ఉండే ఒక చిత్తు తెర పెట్టుకున్నాను. గది అంతా దాని మీద గీసి, మారిన ముక్కనే అసలు తెరకు ఎక్కిస్తాను. మొత్తం ఎక్కించడం ఎందుకు కుదరదో లెక్క వేస్తే తెలిసింది. ప్రాసెసరు వేగం 3.5 మెగాహెర్ట్జ్. టీవీ తెరను ఒకసారి గీసే కాలంలో, అంటే ఒక ఫ్రేములో, దానికి దొరికేది 69,888 గడియలు (ప్రాసెసరు టిక్కులు). బైట్లను కాపీ చేసే ఎల్‌డీఐఆర్ ఇన్‌స్ట్రక్షన్ ఒక బైటుకు 21 గడియలు తింటుంది. 6144 బైట్లకు 1,29,024. అంటే కాపీ కొట్టడానికే దాదాపు రెండు ఫ్రేములు పోతాయి, ఆట ఆడించడానికి ఏమీ మిగలదు.

ఫిబ్రవరి 2

మనిషి బొమ్మ కావాలి. 24 చుక్కల వెడల్పు, 24 ఎత్తు. నేను వేసినవన్నీ బుడగల్లా వచ్చాయి.

నాలుగు రోజుల కిందట రాత్రి మామకు ఫోన్ చేశాను. మామ సోలాపూర్ చద్దర్లకు నలభై ఏళ్లు జకార్డు డిజైన్లు వేశాడు. గ్రాఫు కాగితం మీద గడి గడికీ బొమ్మ నింపి, దాన్ని కార్డులకు బొక్కలు కొట్టడానికిచ్చేవాడు. బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇప్పుడు 78 ఏళ్లు. కళ్లకు ఆపరేషన్ అయ్యాక మళ్లీ సన్నగా చూస్తున్నాడు.

"ఎన్ని గడులిస్తవ్ అల్లుడా?" అన్నాడు.

"24 అడ్డం, 24 నిలువు మామా."

"నెమలికే నలభై గడులు కావాలె. మనిషికి ఇరవై నాలుగా?" కాసేపు ఆగి, "కండె పట్టుకోవాల్నా, వట్టి చేతులా?"

"కండె."

నాలుగో రోజుకు బావ ఫోనుతో ఫొటోలు తీసి పంపాడు. నాలుగు బొమ్మలు, నిలబడింది ఒకటి, నడిచేవి మూడు. పంచె, బనీను, చంకలో కండె. మోకాలి దగ్గర రెండే రెండు గడులు ఖాళీ వదిలాడు, దాంతో కాలు వంగినట్టు కనబడుతోంది. ఆష్‌బీలో టిమ్ స్టాంపర్ కూర్చుని నింపిన గడులూ ఇవే లెక్క. గడులు తక్కువైనప్పుడు ఏ గడి వదలాలో తెలిసిన చెయ్యే వేరు.

ఆ బొమ్మకు మాస్కు చేయాలి. బొమ్మను గది మీద ఊరికే అంటిస్తే వెనకాల గోడ గీతలు మనిషి ఒంట్లోంచి కనబడతాయి. అందుకని ప్రతి బైటుకూ ఇంకో బైటు జత: మొదట ఆ ఆకారమంత మేర వెనకది చెరపాలి, తర్వాత బొమ్మ వేయాలి. ఆకారం చుట్టూ ఒక చుక్క మందంతో నల్ల అంచు వదిలితే మనిషి గోడ నుంచి విడిగా నిలబడతాడు. నైట్ లోర్ ఆపి దగ్గరగా చూస్తే ఆ నల్ల అంచు కనబడుతుంది. లోతు ఉందన్న నమ్మకంలో సగం ఆ ఒక్క చుక్కదే.

ఫిబ్రవరి 4

బొమ్మను ఎనిమిది చుక్కల గడిలో ఏ చుక్క దగ్గరైనా మొదలుపెట్టాలంటే బిట్లు జరపాలి. ముందే జరిపి దాచుకుంటే మాస్కుతో కలిపి ఒక్కో బొమ్మకు 1536 బైట్లు. నాలుగు బొమ్మలకు సరిగ్గా 6 కే. రెండు చుక్కలకోసారే కదిలిస్తే అందులో సగం. రెండేసి చుక్కలకే ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 9

ఈ వారం అంతా ఒకే తప్పు. ఇది వివరంగా రాసుకోవాలి.

గదిలో ప్రతి వస్తువుకూ మూడు కొలతలు: ఎక్స్, వై నేల మీద, జెడ్ ఎత్తు. తెర మీద అడ్డం అంటే ఎక్స్ లోంచి వై తీసేయడం. నిలువు అంటే రెండూ కూడి సగం చేసి, ఎత్తు తీసేయడం. ఇంతవరకూ తేలిక. కష్టమంతా ఏది ముందు గీయాలి, ఏది తర్వాత గీయాలి అన్న దగ్గర.

మొదట ఎక్స్, వై కూడి, ఆ మొత్తం తక్కువున్నది దూరంగా ఉన్నట్టు లెక్కగట్టి ముందు గీశాను. బల్లకూ స్టూలుకూ బాగానే పనిచేసింది. మగ్గం పెట్టగానే చెడింది. మగ్గం పొడుగు వస్తువు. దాని ఒక కొస దగ్గర, మన వైపు నిలబడ్డ మనిషి, మగ్గం నడిమి కంటే దూరమని లెక్క చెప్తోంది. దాంతో మనిషి మగ్గం కింద మాయమవుతున్నాడు. నడిమి కాకుండా కొస తీసుకుంటే రెండో వైపు అదే తప్పు.

మూడు రాత్రులు సంఖ్యలు అటూ ఇటూ మార్చాను. నాలుగో రాత్రి మిషను కట్టేసి, అగ్గిపెట్టెలు బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, దూరం అన్నది ఒక వస్తువుకుండే గుణం కాదు, రెండు వస్తువుల మధ్య సంబంధం. ఒక్కో వస్తువునూ పెట్టెలా చూడాలి. పెట్టె ఒకటి పూర్తిగా ఎక్స్ దిక్కున రెండోదానికి అవతల ఉంటే దాన్ని ముందు గీయాలి. లేకపోతే వై దిక్కున చూడాలి. అదీ తేలకపోతే ఎత్తు: కింద ఉన్నదాన్ని ముందు గీయాలి. మూడు దిక్కుల్లోనూ పెట్టెలు ఒకదాన్నొకటి తగులుతుంటే? అప్పుడు రెండు వస్తువులూ ఒకే చోట ఉన్నట్టు. గట్టి వస్తువులు అలా ఉండలేవు. అంటే మనిషి మగ్గానికి గుద్దుకున్నాడా అన్న పరీక్షా, ఎవర్ని ముందు గీయాలన్న పరీక్షా ఒకే లెక్కతో తేలిపోతాయి.

దీన్ని రాసి, మగ్గం కొస దగ్గర మనిషిని నిలబెట్టాను. ఇవతల నిలబడ్డాడు. అవతలికి నడిపించాను. మగ్గం గుంజ అతని భుజానికి అడ్డం వచ్చింది, కాళ్లు దాగాయి, తల కనబడుతోంది.

ఈ పద్ధతికి అల్టిమేట్ వాళ్లు ఫిల్మేషన్ అని పేరు పెట్టుకున్నారు. నైట్ లోర్ సేబర్ వుల్ఫ్ కంటే ముందే పూర్తయిందనీ, ముందే విడుదల చేస్తే సేబర్ వుల్ఫ్ ఎవరూ కొనరని ఆపి ఉంచామనీ అన్నదమ్ములు తర్వాత చెప్పారు. అగ్గిపెట్టెల ముందు కూర్చున్న రాత్రి తర్వాత ఆ మాట నాకు బాగా అర్థమైంది. 1985లో ఏలియన్ 8 ఇదే పద్ధతిలో వచ్చింది. 1986లో బ్యాట్‌మన్, 1987లో హెడ్ ఓవర్ హీల్స్ వేరేవాళ్ల చేతుల్లో ఇదే దారిని ఇంకా నునుపు చేశాయి. నాకు హెడ్ ఓవర్ హీల్స్ ఇష్టమే. అయినా మొదటి గదిలోకి తీసుకెళ్లినవాళ్లకే నా ఓటు.

ఫిబ్రవరి 16

వేగం కొలిచాను. గీయడం మొదలయ్యేటప్పుడు బార్డరును ఎర్రగా, అయిపోగానే నల్లగా మారిస్తే, ఎర్ర పట్టీ ఎంత పొడుగుంటే అంత సమయం పట్టినట్టు. మనిషి ఒక్కడే కదిలితే పట్టీ దాదాపు 150 వరసలు. వరసకు 224 గడియలు కాబట్టి 33,600. ఫ్రేములో సగానికి దగ్గర. గదిలో పెట్టిన పిల్లిని కూడా కదిలించగానే ఫ్రేము దాటిపోయింది, నడక సగం వేగానికి పడింది. నైట్ లోర్‌లో కూడా గదిలో కదిలేవి ఎక్కువైతే అందరూ నెమ్మదించేవాళ్లు. చిన్నప్పుడు అది ఆటలో భాగమనుకునేవాణ్ని, బరువైన గదుల్లో మనుషులు బరువుగా నడుస్తారని. ఇప్పుడు పిల్లిని పడుకోబెట్టాను.

ఫిబ్రవరి 22

కొత్త మెంబ్రేన్ వచ్చింది. బిగించాను.

గదిలో ఇంకో రెండు వస్తువులు: రాట్నం, కండెల గంప. కండెను కింద పెట్టి దాని మీదకెక్కి అటక అందుకోవచ్చు. ఇది నైట్ లోర్ నుంచి నేర్చుకున్నదే, మార్చబుద్ధి కాలేదు. అటక మీద ఏముందో ఇంకా గీయలేదు.

కంపెనీ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. రేర్ నింటెండోకు చేసిన డాంకీ కాంగ్ కంట్రీ, గోల్డెన్ ఐ. 2002లో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకు కొనడం. 2007లో అన్నదమ్ములు బయటికి రావడం. 2015లో రేర్ రీప్లే సంకలనంలో జెట్‌ప్యాక్, నైట్ లోర్ మళ్లీ కనబడ్డాయి. అందులో సేబర్‌మన్ పెద్ద టీవీ మీద తళతళలాడతాడు, బాగుంటుంది. నాకు మాత్రం ఐదు నిమిషాలు క్యాసెట్ మోత విన్న తర్వాతే ఆ గది తలుపు తెరుచుకోవాలి.

మార్చి 9, సోలాపూర్

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మామ గదిలో కలర్ టీవీకి కలిపాను. ప్రోగ్రామును నిన్నే కొత్త క్యాసెట్‌కు ఎక్కించాను, రెండు వైపులా మూడేసి కాపీలు. బావ డెక్ ముందు కూర్చుని స్క్రూడ్రైవరు తీశాడు. ఈసారీ నన్ను ముట్టుకోనివ్వలేదు. మొదటిసారికే లోడయింది.

గది ఆకుపచ్చగా వచ్చింది. మగ్గం, రాట్నం, గంప, పడుకున్న పిల్లి. మనిషి కండె పట్టుకుని మగ్గం వెనక్కి నడిచాడు, గుంజ అడ్డమొచ్చింది, ఇవతలికొచ్చాడు.

మామ కళ్లజోడు సర్దుకుని టీవీకి జానెడు దూరంలోకి వెళ్లాడు. ఇంకోసారి నడిపించమన్నాడు. ఇంకోసారి.

"మూడో అడుగుల ఎడమ చెయ్యి ఒక గడి తక్కువైంది" అన్నాడు. "నేను ఏసిన కాగితంల ఉండే. నువ్వు ఎక్కిచ్చుడుల పోయింది."

కాగితం తీసి చూశాం. పద్నాలుగో వరస, ఆరో గడి. ల్యాప్‌టాప్‌లో ఆ బైటు సరిచేసి, మాస్కులో కూడా సరిచేసి, మళ్లీ క్యాసెట్‌కు ఎక్కించడం మొదలుపెట్టాను. బావ చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు.